కామారెడ్డి నుంచి ద్రాస్ దాకా

సైనికుడు పుట్టిన ఊరు ఒకచోట, పోరాడిన నేల మరొకచోట. ఈ రెంటి మధ్య దూరం పెరిగేకొద్దీ అతని జ్ఞాపకం పలచబడుతుంది. పంజాబులోనో జమ్మూలోనో సరిహద్దు పల్లెలకు యుద్ధం పెరటి దాకా వస్తుంది. ఫిరంగి మోత విన్న పిల్లవాడికి సైనికుడంటే ఎవరో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మంజీర పరీవాహకంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి సరిహద్దూ దగ్గర కాదు, సముద్రమూ దగ్గర కాదు. ఇక్కడి యువకుడు ఎల్లారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా కామారెడ్డి చేరి, అక్కడ రైలు పట్టుకుని సికింద్రాబాదు మీదుగా ఉత్తరాదికి పోతాడు. తర్వాత ఏ కొండ మీద, ఏ చలిలో, ఎన్ని రాత్రులు నిలబడ్డాడో ఊరికి తెలియదు. సెలవుకొచ్చినప్పుడు మోసుకొచ్చిన నల్ల ఇనుప పెట్టె, క్యాంటీన్ సామాను, మాటల్లో అక్కడక్కడ దొర్లే హిందీ, ఇవే ఊరు చూసిన సైన్యం. పదిహేను ఇరవై ఏళ్ల కొలువు ముగించి వచ్చాక అతను ‘మిలిటరీ ఆయన’ అవుతాడు. ఆ పిలుపులో మర్యాద ఉంది. దాని వెనక ఉన్న కథ మాత్రం చాలాసార్లు ఎవరూ అడగకుండానే మిగిలిపోతుంది.

ఈ దూరం మొదటి నుంచీ ఉన్నది కాదు. తెలుగు నేల మీద పోరాటంలో పడినవాణ్ణి తలచుకునే పద్ధతికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాని గుర్తులు వీరగల్లులు. పొలిమేర తగాదాలో, పశువులను తోలుకుపోయే దొంగలతో జరిగిన పోరులో, రాజు పక్షాన చేసిన యుద్ధంలో చనిపోయినవాడి పేరిట ఊరివాళ్లు ఒక రాయి నిలిపేవారు. కింది భాగంలో కత్తి పట్టిన వీరుడు, కొన్నింటిలో గుర్రం మీద. దాని పైన అతణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. అన్నిటికన్నా పైన శివలింగం, సూర్యచంద్రులు. సూర్యచంద్రులున్నంత కాలం ఈ కీర్తి ఉంటుందని వాటి అర్థం. ఉత్తర తెలంగాణ పల్లెల్లో చెరువు కట్టల మీద, గుళ్ల వెనక, రావిచెట్ల కింద ఇలాంటి రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నింటికి పసుపు కుంకుమలు అందుతున్నాయి. ఆ మనిషి పేరు పోయింది, పోరు పోయింది, పూజ మిగిలింది. అయినా ఆ కాలపు ఏర్పాటులో ఒక సౌలభ్యం ఉంది. వీరుడు పుట్టిన నేల, పోరాడిన నేల, గుర్తు నిలిచిన నేల చాలావరకు ఒకటే. మనుమడు తాత పడ్డ చోటును చూడాలంటే పొలానికి పోయే దారిలో ఆగితే చాలు.

యుద్ధభూమికి యాత్రగా వెళ్లడం కూడా తెలుగువారికి కొత్త కాదు. పల్నాడులోని కారెంపూడి దీనికి అన్నిటికన్నా పెద్ద నిదర్శనం. 12వ శతాబ్దంలో మాచర్ల, గురజాల పక్షాల మధ్య జరిగిన పోరు ఇక్కడే ముగిసింది. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు సాగే వీరుల ఆరాధనకు ఆనాటి వీరుల వారసత్వం చెప్పుకునే ఆచారవంతులు ఊళ్ల నుంచి తరలివస్తారు. తమ ఇళ్లలో తరతరాలుగా కాపాడుకుంటున్న వీరుల ఆయుధాలను, వాళ్ల మాటలో కొణతాలను, మోసుకొచ్చి నాగులేరులో స్నానం చేయించి వీరుల గుడి ముందు నిలుపుతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకొక ఘట్టం. మందపోరు నాడు కులభేదం లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు ఉంటుంది. ఓడినవాళ్ల, గెలిచినవాళ్ల లెక్క అక్కడ పెద్దగా పట్టదు. పడ్డవాళ్లందరూ వీరులే. దాదాపు 850 ఏళ్ల కిందటి యుద్ధాన్ని ఒక సమాజం ఇంత వివరంగా, ఘట్టాల వరుస తప్పకుండా గుర్తు పెట్టుకోవడం ఆశ్చర్యమే. అమెరికాలో 1863 నాటి గెటిస్‌బర్గ్ పోరు యాభయ్యో ఏట, 1913లో, ఇరుపక్షాల ముసలి సైనికులు యాభై వేల మందికి పైగా అదే మైదానంలో కలుసుకున్నారు. దాన్ని ప్రపంచం గొప్ప ఘట్టంగా చెప్పుకుంటుంది. కారెంపూడిలో వారసుల కలయిక ప్రతి ఏడూ జరుగుతుంది.

కారెంపూడి వంటి జ్ఞాపకానికి ఆధారం ఆయుధం, నేల, కథ మూడూ ఒకచోట ఉండడం. జీతానికి దూరదేశం పోయే సైన్యాలు వచ్చాక ఈ మూడూ విడిపోయాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి, ఇంగ్లీషు కంపెనీలు దక్షిణాదిలో, అందులోనూ తెలుగు ప్రాంతాల్లో, యువకులను చేర్చుకుని కవాతు నేర్పి ఉత్తరానికి తీసుకుపోయాయి. అక్కడి జనం ఆ సిపాయిలను ‘తిలంగాలు’ అన్నారు. ఆ మాట ఎంత పాతుకుపోయిందంటే, 1857లో ఢిల్లీ చేరిన తిరుగుబాటు సిపాయిలు ఎక్కువగా అవధ్, బీహారు ప్రాంతాలవారే అయినా, నగరవాసులు వాళ్లనూ తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరు సిపాయికి మారుపేరైంది. అంతమంది ఎక్కడెక్కడ పోరాడారో, ఎక్కడ ఒరిగారో చెప్పే రాళ్లు మాత్రం సొంత ఊళ్లలో లేవు.

దూరాన పనిచేసే సైనికుడి బెంగ మాత్రం ఒకచోట గుడిగా నిలిచింది. 1813లో సికింద్రాబాదు పల్టనుతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి, తన ఊళ్లో కలరా తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి ఆ మొక్కు తీర్చుకున్నాడని చెబుతారు. అదే ఉజ్జయినీ మహంకాళి గుడి, లష్కర్ బోనాలకు మూలం. లష్కర్ అంటే సైన్యమని, బోనమెత్తే ఆడపడుచుల్లో ఎంతమందికి గుర్తుంటుందో గాని, ఆ పండుగ పేరులోనే పల్టను ఉంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి 1948 దాకా నిజాం ఏలుబడిలోని నిజామాబాదు జిల్లాలో ఉండేవి. కనుక ఈ ప్రాంతపు సైనిక చరిత్రలో హైదరాబాదు సంస్థాన దళాలది మొదటి అధ్యాయం. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు లాన్సర్లు అనే ఆశ్విక దళం ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేసింది. జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిసి అది ఒకే బ్రిగేడు. 1918 సెప్టెంబరు 23న ఈ బ్రిగేడు హైఫా పట్టణాన్ని గెలుచుకుంది. మరతుపాకుల ఎదుట గుర్రాలు ఉరికించింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు. హైదరాబాదు దళానికి ఆనాడు పట్టుబడిన ఖైదీల కాపలా బాధ్యత పడింది. కథలు చెప్పేవారు ఈ చివరి వాక్యాన్ని తరచుగా వదిలేస్తారు. వదలనక్కరలేదు. యుద్ధంలో కాపలా, రవాణా, వంట, గాయాల కట్లు అన్నీ పోరాటంలో భాగాలే. వాటిని దాచి అందరినీ ఒకే గుర్రపు దాడిలోకి నెట్టడం ఆ మనుషులకు గౌరవం కాదు. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్ మూర్తి స్మారకంలోని మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు రౌతుది. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చారు. ఎల్లారెడ్డి పక్కన మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయిన 1931లోనే ఆ ఢిల్లీలో ఇండియా గేటు ఆవిష్కరణ జరిగింది. దాని రాళ్ల మీద 13 వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో సంస్థాన దళాల వంతు మరింత చేదుగా గడిచింది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలోని కోటబారు తీరంలో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది హైదరాబాదు పదాతి దళం. డెబ్బయి రోజులు తిరిగేసరికి, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు పతనమైంది. వేలాది భారతీయ సైనికులు బందీలయ్యారు. వారిలో ఎందరో ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, మరెందరో చేరకుండా బందీఖానాల్లోనే మగ్గారు. హైదరాబాదు నుంచి వెళ్లిన ఆబిద్ హసన్ జర్మనీ నుంచి నేతాజీతో పాటు జలాంతర్గామిలో ప్రయాణించి ఆసియా చేరాడు. ‘జైహింద్’ అన్న పలకరింపును కూర్చినవాడిగా పేరు పొందాడు. ఇంఫాల్ దండయాత్రలో స్వయంగా పాల్గొన్నాడు. అంటే 1944లో ఇంఫాల్ కొండల్లో ఎదురెదురుగా నిలిచిన రెండు సేనల్లోనూ భారతీయులున్నారు. ఈ రోజు అక్కడికి వెళ్లేవారు కామన్వెల్త్ సమాధుల తోటనూ చూస్తారు, మొయిరాంగ్‌లో ఆజాద్ హింద్ జెండా ఎగిరిన చోటునూ చూస్తారు. కోహిమా శ్మశానంలో 1,420 సమాధులు ఉండగా, దహన సంస్కారం జరిగిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది పేర్లు వేరే స్మారకం మీద ఉన్నాయి. హోదా భేదం లేకుండా ప్రతి పేరుకూ సమాన స్థానం ఇవ్వాలన్నది 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ నియమం. ఆ కమిషన్ పట్టికల్లో భారతీయ సైనికుల పేర్ల పక్కన చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా రాసి ఉంటాయి. దూరాన పడ్డవాణ్ణి ఊరితో మళ్లీ కలపడానికి ఆ ఒక్క వరుస ఎంత విలువైనదో చెప్పలేం.

1948 సెప్టెంబరులో, ఇక్కడి పెద్దలు ‘పోలీసు యాక్షన్’ అని పిలిచే సైనిక చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. సంస్థాన దళాలు చరిత్రలో కలిసిపోయాయి. ఆ దళాల్లో పనిచేసి ఇల్లు చేరిన ముసలివాళ్లకు తమ రెజిమెంటు లేదు, రాజ్యం లేదు, తమ యుద్ధాన్ని తనదని చెప్పుకునే ప్రభుత్వం లేదు. కోస్తాలో పరిస్థితి వేరు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో యుద్ధానికి 1,110 మందిని పంపిన ఊరుగా, మిలిటరీ మాధవరంగా, నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది. అక్కడ స్మారక స్తంభం ఉంది, పిల్లలకు సంఖ్యలు కంఠస్థం. తెలంగాణ పల్లెల్లో ఆ తరం సైనికుల జాడ చెదిరిపోవడానికి జనం మరపు ఒక్కటే కారణం కాదు. వాళ్లు కొలిచిన జెండా మారిపోవడం పెద్ద కారణం.

స్వాతంత్ర్యం తర్వాతి సైనికుల విషయంలో ఈ ఇబ్బంది లేదు. వారి కథ వెతకడానికి తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది. అది సందుగలో గుడ్డలో చుట్టిపెట్టిన పతకాలు, డిశ్చార్జి బుక్కు. భారత సైన్యం ఇచ్చే పతకం అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పతకం రకాన్ని బట్టి అతను ఎక్కడున్నాడో తెలుస్తుంది. 1965 యుద్ధరంగంలో ఉన్నవారికి సమర్ సేవా స్టార్. 1971లో తూర్పున, అంటే నేటి బంగ్లాదేశ్ వైపు పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమట పోరాడినవారికి పశ్చిమీ స్టార్. రంగంలోకి దిగకపోయినా ఆ కాలంలో కొలువులో ఉన్నవారికి సంగ్రామ్ మెడల్. కార్గిల్ పోరులో ముందు వరుసన ఉన్నవారికి ఆపరేషన్ విజయ్ స్టార్. సియాచిన్‌లో గడిపినవారికి దానికే ప్రత్యేక పతకం. సైన్య సేవా మెడల్ అయితే దాని రిబ్బను మీది చిన్న లోహపు పట్టీ పైనే జమ్మూ కశ్మీర్, హిమాలయ, నేఫా అంటూ ప్రాంతం పేరు ఉంటుంది. చాలా ఇళ్లలో ఈ పతకాలు ‘నాయినకు మిలిటరీల ఇచ్చిన బిళ్లలు’ మాత్రమే. వాటిని చదవడం వస్తే అవి పటం మీద గుర్తులవుతాయి. డిశ్చార్జి బుక్కులో యూనిట్ పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ ఉంటాయి. ఈ రెండూ చేతిలో ఉంటే ఆ యూనిట్ ఆ ఏడాది ఎక్కడ పోరాడిందో రెజిమెంటు చరిత్ర చెబుతుంది. తండ్రి చనిపోయాక పతకాలు పాత సామానువాడికి పోవడం, బుక్కు పింఛను కాగితాల మధ్య చెదలు పట్టడం నిజంగా బాధ కలిగించే సంగతి. అవి పోతే ఆ మనిషి యుద్ధభూమికి దారి మూసుకుపోయినట్టే.

బతికున్నవారిని గౌరవించడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా తక్కువగా జరిగేది కూడా అదే. మరణించిన సైనికుడికి ఊరు ఊరంతా కదులుతుంది. 2020 నవంబరు 8న కశ్మీరులోని మచిల్ సెక్టారులో చొరబాటుదారులతో పోరాడుతూ నిజామాబాదు జిల్లా వేల్పూరు మండలం కోమన్‌పల్లికి చెందిన ర్యాడ మహేశ్ ప్రాణం విడిచినప్పుడు ఉత్తర తెలంగాణ అంతా కన్నీరు పెట్టింది. అదే ఏడాది జూన్ 15న గల్వాన్‌లో ఒరిగిన కర్నల్ సంతోష్‌బాబుకు ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం లేచింది, మహావీర చక్ర ప్రకటించారు. ఇవి జరగవలసినవే, జరిగాయి. పోరాడి తిరిగొచ్చినవాడి సంగతి వేరు. 2022కు ముందు సిపాయిగా చేరినవాడు ముప్పయి అయిదు, నలభై ఏళ్లకే పింఛనుతో ఇంటికొస్తాడు. ఆ తర్వాతి ముప్పయి నలభై ఏళ్లు బ్యాంకు ముందు తుపాకీతో, ఏటీఎం దగ్గర కుర్చీలో, లేదంటే సొంత పొలంలో గడుస్తాయి. ఆ యూనిఫాం వెనక కార్గిల్ పోరులో టైగర్ హిల్ కింద గడిపిన రాత్రులు ఉండవచ్చని బ్యాంకుకు వచ్చేవాళ్లకు తట్టదు.

ప్రభుత్వ క్యాలెండరులో మాజీ సైనికులకు కొన్ని రోజులున్నాయి. 1949 నుంచి డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. బడి పిల్లల చొక్కాలకు చిన్న జెండా గుచ్చి, విరాళం తీసుకుని సైనిక సంక్షేమానికి పంపుతారు. 1971 గెలుపు గుర్తుగా డిసెంబరు 16, కార్గిల్ గెలుపు గుర్తుగా జూలై 26. మాజీ సైనికుల దినం జనవరి 14. స్వతంత్ర భారతదేశపు తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప 1953లో పదవీ విరమణ చేసింది ఆ రోజే. తెలుగు ఇళ్లలో అది భోగి మంటలో, సంక్రాంతి ముగ్గులో నడిచే రోజు. మాజీ సైనికుడు కూడా ఆ పూట మనుమలకు పతంగి కట్టిస్తూ ఉంటాడు. ఆ పండుగ సందట్లోనే ఊరి వాకిట్లో ఒక కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టి మాట్లాడించడం కష్టమేమీ కాదు. శాలువా కప్పి ఫొటో తీసుకోవడం అయిదు నిమిషాల పని. ‘బాపూ, నువ్వు ఏ కొండ మీద ఉన్నవే? అక్కడికి నీళ్లెట్ల తెచ్చుకున్నరు? పక్కనోడు ఎవరు?’ అని అడిగి పూర్తిగా వినడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రమే అసలైన సన్మానం. 1971లో ఇరవై ఏళ్లున్నవాడికి ఇప్పుడు డెబ్బయి దాటాయి. 1962లో చైనా సరిహద్దున నిలిచినవాళ్లు ఎనభై దాటారు. వినడానికి మిగిలిన సాయంత్రాలు ఎక్కువ లేవు.

విన్న కథను నేలతో కలిపేది ప్రయాణం. భూగోళం ఇందులో కామారెడ్డికి ఒక మేలు చేసింది. పట్టణాన్ని ఆనుకుని పోయే 44వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల మాటలో ఏడో నంబరు రోడ్డు, కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా దాదాపు 4 వేల కిలోమీటర్లు సాగుతుంది. కామారెడ్డి బైపాస్ మీద ఉత్తరానికి తిరిగిన లారీ, ఆ దారే పట్టుకుని పోతే కశ్మీరు లోయలో తేలుతుంది. ఆ దారి పొడవునా యుద్ధాలు పరుచుకుని ఉన్నాయి. డిచ్‌పల్లి, ఆర్మూరు దాటాక నిర్మల్. 1860 ప్రాంతంలో రాంజీ గోండుతో పాటు వేయిమందిని మర్రిచెట్టుకు ఉరితీశారని జనం చెప్పుకునే చోటు అది. ఆ తర్వాత నాగపూర్, ఝాన్సీ, రాణీ లక్ష్మీబాయి నేలకొరిగిన గ్వాలియర్, ఆగ్రా, ఢిల్లీ. ఢిల్లీ దాటగానే 1526, 1556, 1761 పోరాటాల పానిపట్. 1761లో మరాఠా ఫిరంగులను నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ అంతకుముందు నిజాం కొలువులో పనిచేసినవాడే. పానిపట్ తర్వాత కురుక్షేత్రం. భారతం విని పెరిగిన తెలుగు పల్లెవాడికి ఆ పేరున్న బోర్డు హైవే మీద కనిపించడమే ఒక అనుభవం. జలంధర్, పఠాన్‌కోట్, జమ్మూ మీదుగా శ్రీనగర్ చేరాక 44వ నంబరు పని అయిపోతుంది. అక్కడి నుంచి ఒకటో నంబరు రహదారి సోనామార్గ్, జోజీలా కనుమ మీదుగా ద్రాస్, కార్గిల్‌కు తీసుకుపోతుంది.

జోజీలా ఎత్తు 11,500 అడుగుల పైమాట. మొదటి కశ్మీరు యుద్ధంలో, 1948 నవంబరు 1న, భారత సైన్యం ఈ కనుమకు ట్యాంకులు ఎక్కించి శత్రువును బెంబేలెత్తించింది. అంత ఎత్తుకు ట్యాంకులు రాగలవని ఎదుటివాళ్లు ఊహించలేదు. శ్రీనగర్ దాకా ఎవరూ గుర్తుపట్టకుండా ట్యాంకుల పైభాగాలు విప్పి రహస్యంగా తరలించారు. హైదరాబాదులో సైనిక చర్య ముగిసి అప్పటికి ఆరు వారాలే. కనుమ దాటితే పచ్చదనం ఆగిపోతుంది. రాయి, దుమ్ము, నీలి ఆకాశం, నది.

ద్రాస్ సుమారు 10,800 అడుగుల ఎత్తున ఉంది. ఊరికి దగ్గరలో, రోడ్డు పక్కనే, తోలోలింగ్ కొండ పాదాల దగ్గర కార్గిల్ యుద్ధ స్మారకం ఉంది. పేర్ల గోడ, జ్యోతి, జెండా, చిన్న ప్రదర్శనశాల. వీటన్నిటినీ మించి చూడవలసింది ఆ గోడ వెనక నిలువుగా లేచిన కొండ. 1999 వేసవిలో ఆ కొండ మీద కూర్చున్న శత్రువుకు కింద హైవే మీద కదిలే ప్రతి వాహనం అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. లేహ్‌కు పోయే దారి అతని గురిలో ఉండేది. అందుకే ఆ ఒక్క కొండ కోసం వారాల తరబడి పోరాటం. పుస్తకంలో ‘తోలోలింగ్‌ను జూన్ 13న తిరిగి స్వాధీనం చేసుకున్నారు’ అన్న వాక్యం చదవడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆ కొండ కింద నిలబడి తల ఎత్తి చూస్తే, చెట్టు లేదు, పొద లేదు, దాక్కోవడానికి బండలు తప్ప ఏమీ లేదు. పగలు ఎక్కితే పైనుంచి కనిపిస్తారు. అందుకే రాత్రిళ్లు, చలిలో, వీపున బరువుతో, గాలి చాలని ఎత్తులో ఎక్కారు. మైదానం నుంచి వచ్చిన మనిషి అక్కడ పది మెట్లు ఎక్కితేనే రొప్పుతాడు. అప్పుడు ఆ వాక్యం అర్థమవుతుంది. కార్గిల్ యుద్ధంలో మరణించిన భారత సైనికులు 527 మంది.

ఆ గోడ మీద హైదరాబాదు నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య పేరు ఉంది. రెండో రాజపుతానా రైఫిల్స్ అధికారి. 1999 జూన్ 28న, తోలోలింగ్ సముదాయంలోనే మరో శిఖరం మీది శత్రు స్థావరంపైకి తన కంపెనీని నడిపించాడు. మరఫిరంగుల, తుపాకుల కాల్పుల మధ్య పాకుతూ బంకరు దాకా పోయి గ్రెనేడ్లు విసిరాడు. తీవ్రంగా గాయపడినా దాడి ఆపవద్దని తన మనుషులకు చెప్పి అక్కడే ప్రాణం విడిచాడు. మహావీర చక్ర లభించింది. స్మారకం దగ్గర విధుల్లో ఉన్న సైనికులే యాత్రికులకు ఈ పోరాటాలను వివరిస్తారు. వేలితో శిఖరాలు చూపిస్తూ ఇది తోలోలింగ్, అది టైగర్ హిల్ అని చెబుతుంటే వినేవాళ్లు మాట్లాడరు. తెలుగు మాట వినబడితే అక్కడి మద్రాస్ రెజిమెంటు కుర్రాడో, ఆర్టిలరీ కుర్రాడో దగ్గరికొచ్చి ‘మీదే ఊరు?’ అని అడగడం అరుదేమీ కాదు. భారత సైన్యపు గన్నర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో ఒకటి హైదరాబాదు గోల్కొండ దగ్గరే ఉంది. ద్రాస్ కొండల మీద బోఫోర్స్ ఫిరంగులు మోగించినవాళ్లలో ఆ మైదానంలో కవాతు నేర్చినవాళ్లున్నారు.

యుద్ధభూమికి పోవడంలో ఒక ప్రమాదమూ ఉంది. పర్యాటకుడి తొందరలో ఆ చోటు సెల్ఫీలకు వెనక తెర అయిపోవచ్చు. 2025 జనవరిలో రక్షణ శాఖ ‘భారత్ రణభూమి దర్శన్’ పేరిట గల్వాన్, సియాచిన్, లోంగేవాలా, కిబితూ వంటి 75కు పైగా స్థలాలను జనానికి దగ్గర చేసే పని మొదలుపెట్టింది. ఎవరు పోవచ్చు, ఏ అనుమతులు కావాలి అన్న వివరాలు ఇప్పుడు ఒకేచోట దొరుకుతున్నాయి. ఇది మంచి పని. అయితే దర్శనం అన్న మాటకు తెలుగులో ఒక బరువుంది. గుడికి పోయేవాడు ఏ దేవుడో తెలుసుకుని పోతాడు. ద్రాస్‌కు పోయేవాడు కూడా తమ ఊరినుంచి, తమ జిల్లానుంచి అక్కడ నిలబడ్డవాడి పేరు, యూనిట్, తేదీ ఒక కాగితం మీద రాసుకుని పోతే చూపు మారుతుంది. పేరు తెలియని కొండ అందంగా ఉంటుంది, పేరు తెలిసిన కొండ మాట్లాడుతుంది.

అందరూ అంత ఎత్తుకు పోలేరు. డెబ్బయి దాటిన మాజీ సైనికుడికి, గుండె జబ్బున్నవాడికి ద్రాస్ గాలి ప్రమాదం. వాళ్లకు దగ్గరి చోట్లున్నాయి. సికింద్రాబాదు పరేడ్ మైదానంలో వీరుల సైనిక స్మారకం ఉంది. విశాఖ తీరంలో 1971 నౌకాయుద్ధ విజయానికి గుర్తుగా నిలిపిన ‘విక్టరీ ఎట్ సీ’, దాని దగ్గరలోనే 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ఉన్నాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు తొలి రోజుల్లో మునిగింది ఆ తీరానికి దగ్గరి నీళ్లలోనే. కనుక తెలుగు తీరంలోనే ఆధునిక యుద్ధభూమి ఒకటి ఉన్నట్టు లెక్క. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. స్వాతంత్ర్యం తర్వాత విధి నిర్వహణలో మరణించిన దాదాపు 26 వేల మంది పేర్లు త్యాగచక్ర గోడల మీద ఒక్కో పలకపై ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. తమవాడి పలక ఏ గోడలో ఉందో అక్కడి కంప్యూటర్ తెర మీద వెతుక్కోవచ్చు. సాయంత్రం జరిగే కార్యక్రమంలో అమరుల కుటుంబ సభ్యులు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతారు. ఊళ్లో చితి ఆరిన చోటుకు పోలేక పోలేక పోయే తల్లి, అంత పెద్ద నగరంలో తన కొడుకు పేరున్న రాయిని చేత్తో తడమడం చూసినవారెవరూ మరచిపోరు.

ఊరి నేలను, యుద్ధ నేలను కలిపే ప్రయత్నం ఇటీవల రెండుసార్లు జరిగింది. 1971 విజయానికి యాభయ్యేళ్లు నిండుతున్న సందర్భంగా ఢిల్లీలో వెలిగించిన విజయ జ్యోతులను ఆ యుద్ధంలో పరమవీర చక్ర, మహావీర చక్ర పొందినవారి ఊళ్లకు తీసుకుపోయారు. ఆ ఊళ్ల మట్టిని, ప్రధాన పోరాటాలు జరిగిన చోట్ల మట్టిని జాతీయ స్మారకానికి చేర్చారు. 2021 ఫిబ్రవరిలో ఒక జ్యోతి తిరుపతి చేరింది. తూర్పు రంగంలో గూర్ఖా పటాలానికి నాయకత్వం వహించి మహావీర చక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ ఇంటికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి సత్కరించారు. తొంభై దాటిన ఆ వృద్ధుణ్ణి సభకు పిలిపించకుండా ఇంటికే వెళ్లడంలో ఉన్న మర్యాద గమనించదగ్గది. 2023 ఆగస్టులో దేశమంతటా గ్రామ పంచాయతీల్లో వీరుల పేర్లతో శిలాఫలకాలు నిలిపి, ఊళ్ల మట్టిని ఢిల్లీకి పంపారు. ఒక విధంగా అవి మళ్లీ వచ్చిన వీరగల్లులే, బొమ్మ లేకుండా.

ఆ ఫలకాల మీద ఒక్క వివరం చేరిస్తే పాత వీరగల్లుల లోటు కూడా తీరుతుంది. పేరు కింద పోరాడిన చోటు, తేదీ, యూనిట్. ఎల్లారెడ్డి, లింగంపేట, దోమకొండ, బాన్సువాడల్లో మాజీ సైనికుల సంఘాల పెద్దలకు తమ తోటివారి వివరాలు నోటికి వచ్చు. ఉన్నత పాఠశాల పిల్లలు ఒక వేసవిలో ఇల్లిల్లూ తిరిగితే డిశ్చార్జి బుక్కులు చూసి, పతకాల అంచులు చదివి, ఊరివారీగా ఒక నోటు పుస్తకం తయారు చేయగలరు. పూర్వీ స్టార్ ఉన్నవారి పేర్లకు ఎదురుగా బంగ్లాదేశ్ పటం, పశ్చిమీ స్టార్‌కు ఎదురుగా పంజాబు, రాజస్థాన్ పటాలు, ఆపరేషన్ విజయ్ స్టార్‌కు ఎదురుగా ద్రాస్, బటాలిక్ కొండలు. ఏటా డిసెంబరు 16న బంగ్లాదేశ్ నుంచి ముక్తి యోధులు కోల్‌కతాకు, భారతీయ మాజీ సైనికులు ఢాకాకు వెళ్లే ఆనవాయితీ ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. యాభై ఏళ్ల తర్వాత తాము పోరాడిన నది ఒడ్డుకు చేరిన ముసలి సైనికులు మొదట వెతికేది స్మారకాన్ని కాదు. తాము గుంట తవ్వుకున్న గట్టును, ఆ రాత్రి అన్నం పెట్టిన ఇంటిని.